పండుగ నెలలో మన ఇంటి మూగజీవాల రక్షణ: సరమ కథ నేర్పే పాఠం



ధనుర్మాసం వచ్చిందంటే మన ఇళ్ళల్లో పండుగ నెల వచ్చినట్టే. డిసెంబరు మధ్యలో నెలగంట పెట్టిన దగ్గర్నుంచి జనవరిలో కనుమ దాకా ఇంట్లో ఏదో ఒక సందడి. తెల్లవారుజామున ముగ్గులు, దీపాలు, నైవేద్యాలు. మధ్యలో పిల్లల సెలవులు, క్రిస్మస్ కేకులు, డిసెంబరు 31 రాత్రి టపాసులు. ఆ తర్వాత భోగిమంట, సంక్రాంతి, కనుమ. ఈ నెల రోజులూ మనకు ఆనందమే. మరి మన గుమ్మంలో పడుకునే కుక్కకి, వంటింట్లో తిరిగే పిల్లికి, కొట్టంలో ఉన్న ఆవుకి ఈ నెల ఎలా గడుస్తుంది? ఈ పాఠంలో అది తెలుసుకుందాం.

మహాభారతం ఒక కుక్కపిల్ల ఏడుపుతో మొదలవుతుంది

మహాభారతం ఆదిపర్వంలో సరమ కథ ఉంది. మన నన్నయగారి భారతంలోనూ మొదట్లోనే వస్తుంది. పరీక్షిత్తు కుమారుడు జనమేజయుడు కురుక్షేత్రంలో పెద్ద యాగం చేస్తున్నాడు. ఆ సందడికి ఒక కుక్కపిల్ల అక్కడికి వచ్చింది. అది దేవతల కుక్క సరమ కొడుకు. జనమేజయుడి తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరిమేశారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయింది. "నువ్వేదో తప్పు చేసి ఉంటావు" అంది తల్లి. "నేను హవిస్సు ముట్టుకోలేదమ్మా, అటు చూడను కూడా లేదు" అన్నది పిల్ల.

అప్పుడు సరమ నేరుగా యాగశాలకు వచ్చి రాజునే అడిగింది, తప్పు చేయని నా బిడ్డని ఎందుకు కొట్టారని. ఎవరూ సమాధానం చెప్పలేకపోయారు. మంచీ చెడూ ఆలోచించకుండా సాధుప్రాణికి కీడు చేశారు కాబట్టి, మీరు ఊహించని వైపు నుంచి మీకు భయం వస్తుందని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. అంత పెద్ద చక్రవర్తీ ఆ మాటకు కలత పడి, దోషం పోగొట్టగల పురోహితుడి కోసం వెతుక్కుంటూ బయల్దేరాడు.

ఒక్క విషయం గమనించండి. వాళ్ళు చేస్తున్నది పుణ్యకార్యమే. కానీ ఆ పుణ్యకార్యం సందడిలో కాళ్ళ దగ్గరికి వచ్చిన చిన్న ప్రాణి గురించి ఆలోచించలేదు. మనం కుక్కని కొట్టకపోవచ్చు, ముద్దుగానే చూసుకోవచ్చు. అయినా పండుగ సందడిలో మన "ఆలోచించకపోవడం" వల్ల వాటికి కీడు జరుగుతూనే ఉంటుంది. ఈ పాఠం సారాంశం ఇదే. పండుగ ఎప్పుడొస్తుందో, అందులో ఏం మారుతుందో మనకు తెలుసు, వాటికి తెలియదు. అందుకే వాటి తరఫున ముందుగా ఆలోచించే బాధ్యత మనది.

మా ఇంట్లో జరిగింది

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. కొన్నేళ్ళ క్రితం సంక్రాంతికి మా ఇంటికి చుట్టాలందరూ వచ్చారు. పిల్లాపెద్దా కలిపి పదహారు మందిమి. మా కుక్క పేరు రాముడు. అందరికీ వాడంటే ప్రేమే. చక్రపొంగలి నైవేద్యం అయ్యాక, "ప్రసాదం కదా, వాడికీ పెడదాం" అని ఒకళ్ళు పెట్టారు. ఇంకొకళ్ళు పులిహోర పెట్టారు. పిల్లలు వాళ్ళ ఆకుల్లో మిగిలిన కిస్మిస్‌లు ఏరి మరీ పెట్టారు. వాడు తోక ఊపుకుంటూ అన్నీ తిన్నాడు.

ఆ రాత్రే వాంతులు. మర్నాడు కనుమ. గారెల హడావిడిలో ఉన్నాం. "నిన్న ఎక్కువ తిన్నాడులే, తగ్గిపోతుంది" అనుకున్నాం. సాయంత్రానికి నీళ్ళు కూడా ముట్టడం లేదు, మూత్రం సరిగ్గా పోవడం లేదు. డాక్టరుగారి దగ్గరికి తీసుకెళితే ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఏమేం పెట్టారు, ఎంత పెట్టారు, ఎప్పుడు పెట్టారు?" మాలో ఒక్కరి దగ్గరా జవాబు లేదు. ఎవరికి వాళ్ళం "నేను కొంచెమే పెట్టాను" అన్నాం. పదహారు కొంచేలు కలిస్తే ఎంతవుతుందో అప్పుడు అర్థమైంది. సరమ అడిగితే జనమేజయుడి యాగశాలలో అందరూ తలదించుకున్నారే, అలా నిలబడ్డాం.

రోజుల తరబడి సెలైన్లు ఎక్కించాక రాముడు బతికాడు. కానీ కిడ్నీలు కొంత దెబ్బతిన్నాయి. అప్పటి నుంచి వాడికి వేరే తిండి, మందులు. మా పండుగకి మూల్యం వాడు కట్టాడు.

మొదటి పాఠం: ప్రసాదం, పిండివంటలు

"ప్రసాదం ఎవరికైనా హాని చేస్తుందా?" అని చాలామంది అడుగుతారు. ప్రసాదంలో భగవంతుడి అనుగ్రహం ఉంటుంది, నిజమే. కానీ అందులో ఎండుద్రాక్ష కూడా ఉంటుంది. కుక్క శరీరం దాన్ని తట్టుకోలేదు. షుగర్ ఉన్న పెద్దాయనకి మనం చక్రపొంగలి కళ్ళకద్దుకోమని ఇస్తాం గానీ గిన్నెడు తినమనం కదా, ఇదీ అంతే.

జాగ్రత్త పడవలసినవి ఇవి:

1. ద్రాక్ష, కిస్మిస్: కుక్కలకు కిడ్నీలు దెబ్బతీస్తాయి. ఎంత తింటే ప్రమాదమనేది ఒక్కో కుక్కకి ఒక్కోలా ఉంటుంది. కాబట్టి "రెండే కదా" అనుకోవద్దు. క్రిస్మస్ ప్లమ్ కేకులో ఉండేవీ ఇవే.

2. చింతపండు: ద్రాక్షలో హాని చేసేది టార్టారిక్ ఆమ్లం అని పశువైద్యులు ఇప్పుడు భావిస్తున్నారు. అదే ఆమ్లం చింతపండులోనూ దండిగా ఉంది. చింతపండు తిన్న కుక్కల్లో కిడ్నీలు దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. అందుకని పులిహోర, పులుసు పెట్టకండి.

3. ఉల్లి, వెల్లుల్లి: కుక్కల్లో, పిల్లుల్లో ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. పిల్లులకు మరీ ప్రమాదం. లక్షణాలు వెంటనే కాక కొన్ని రోజులకు బయటపడవచ్చు. కూరలో ఉడికినా, గారెలో వేగినా గుణం పోదు.

4. చాక్లెట్: ఇందులోని థియోబ్రోమిన్ కుక్కల గుండెను, నరాలను దెబ్బతీస్తుంది. ఎంత నల్లగా, చేదుగా ఉంటే అంత ప్రమాదం. బహుమతిగా వచ్చిన చాక్లెట్ డబ్బాలు బల్ల మీద వదలకండి.

5. చక్కెర లేని చూయింగ్ గమ్, మిఠాయిలు: వీటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండవచ్చు. అది కుక్కల రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడగొడుతుంది. కాలేయాన్ని కూడా దెబ్బతీయవచ్చు. ఇది ఒక గంటలోపే మొదలవుతుంది.

6. నూనె వంటలు: అరిసెలు, సకినాలు, పూర్ణాలు, గారెలు విషం కాదు. కానీ అంత నూనె, నెయ్యి ఒకేసారి కడుపులో పడితే క్లోమగ్రంథి వాచి కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

7. వండిన ఎముకలు: కనుమ నాడు మాంసం వండుకునే ఇళ్ళల్లో ఎముకలు కుక్కకి వేయడం అలవాటు. ఉడికిన ఎముక ముక్కలుగా చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటుంది. కోడి ఎముకలు మరీను.

మరి దానికి ప్రసాదం పెట్టాలని మీ మనసుకి ఉంటే? మా ఇంట్లో ఇప్పుడు ఇలా చేస్తున్నాం. నైవేద్యం పెట్టేటప్పుడు ఉప్పు, నెయ్యి, పోపు ఏమీ వేయని మెత్తటి అన్నం ఒక ముద్ద వేరే ఆకులో స్వామి ముందు ఉంచుతాం. అదే రాముడి ప్రసాదం. ఇంకో నియమం కూడా ఉంది. పండుగ మూడు రోజులూ వాడికి తిండి పెట్టేది ఒక్కరే. ఈ మాట చుట్టాలకి గుమ్మంలోనే చెప్పేస్తాం. ఎవరూ ఏమీ అనుకోలేదు. పిల్లలైతే కాపలా కూడా కాస్తున్నారు.

రెండో పాఠం: పూజగది, ముగ్గు, భోగిపళ్ళు

*హారతి కర్పూరం.* తింటే కుక్కలకీ పిల్లులకీ విషం. ఫిట్స్ రావచ్చు. డబ్బా మూత బిగించి పైఅరలో పెట్టండి. పట్టుబట్టలు తీసేటప్పుడు కింద పడే కలరా ఉండలు కూడా అంతే. పడినవి పడినట్టే ఏరేయండి.

*గన్నేరు.* పూజకి వాడే గన్నేరు చెట్టులో ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే. ఎండిన ఆకైనా గుండె మీద పనిచేస్తుంది. పూజ అయ్యాక నిర్మాల్యాన్ని ఆవుకి వేయడం చాలామందికి అలవాటు. అందులో గన్నేరు లేకుండా చూసుకోండి.

*దీపాలు.* ధనుర్మాసంలో గుమ్మం దగ్గర, తులసికోట దగ్గర నేల మీద దీపాలు పెడతాం. పిల్లి తోక అంటుకోవడానికి, కుక్క తోక తగిలి ప్రమిద ఒలకడానికి క్షణం చాలు. కాస్త ఎత్తులో పెట్టండి, లేదా దీపం వెలుగుతున్నంతసేపు ఒకరు అక్కడే ఉండండి.

*ముగ్గులు.* బియ్యప్పిండి ముగ్గు వేయడంలో చీమలకీ పిచ్చుకలకీ తిండి పెట్టే దయ ఉంది. రసాయన రంగుల్లో ఆ దయ లేదు. వాటి మీద నడిచిన కుక్క పాదాలు నాక్కుంటుంది. రంగుల ముగ్గు వేస్తే, బయట నుంచి రాగానే దాని కాళ్ళు తడిబట్టతో తుడవండి.

*భోగిపళ్ళు.* పిల్లల తల మీద రేగిపళ్ళు, చిల్లర నాణేలు, నానబెట్టిన శనగలు, పూలరేకులు పోస్తాం. ఆ దొర్లినవి పిల్లల కంటే ముందు కుక్కపిల్లలు అందుకుంటాయి. నాణెం, గింజ మింగితే పేగులో అడ్డుపడవచ్చు. వేడుక అయ్యేదాకా కుక్కని వేరే గదిలో ఉంచి, ఊడ్చాకే వదలండి. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. అక్కడి ఒక సెంటు నాణేలను 1982 తర్వాత ఎక్కువ భాగం జింకుతోనే చేశారు. కుక్క మింగితే ఆ జింకు కడుపులో కరిగి రక్తకణాలను నాశనం చేస్తుంది. వాటిని భోగిపళ్ళలో కలపకండి.

మూడో పాఠం: మంట, మోత, మాంజా

భోగిమంట ఆరాక కూడా బూడిద చాలాసేపు వెచ్చగా ఉంటుంది. చలికి వణికే వీధికుక్కలు, పిల్లులు వచ్చి అందులోనే పడుకుంటాయి. లోపల నిప్పు ఉంటుందని వాటికి తెలియదు. మంట అయిపోగానే నీళ్ళు చల్లి పూర్తిగా ఆర్పండి. పిడకలు, కట్టెలు వేయండి గానీ టైర్లు, ప్లాస్టిక్ వేయకండి. ఆ పొగ మనకీ మంచిది కాదు, వాటికీ మంచిది కాదు.

డిసెంబరు 31 రాత్రి టపాసుల మోతకి కుక్కలు గొలుసులు తెంచుకుని పారిపోతాయి. వాటి చెవులు మన చెవుల కంటే ఎంతో చురుకు. మనకి పెద్ద శబ్దం అనిపించేది వాటికి భరించరానిది. ఆ రోజు చీకటి పడకముందే బయట తిప్పి తీసుకొచ్చేయండి. లోపలి గదిలో కిటికీలు మూసి, పాత దుప్పటి వేసి, టీవీయో భజనో చిన్నగా పెట్టండి. మంచం కింద దూరితే లాగకండి, తిట్టకండి. కట్టేసి మాత్రం వదలకండి, గింజుకుని మెడకి ఉరి పడుతుంది. మెడబెల్టుకి మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ళ తగిలించండి. చుట్టాలు వచ్చిపోతూ గేటు తీసి ఉంచే ఈ రోజుల్లో ఆ బిళ్ళే దాన్ని ఇంటికి చేరుస్తుంది.

గాలిపటాల సంగతి. గాజుపొడి పూసిన నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించింది. అయినా కొందరు వాడుతూనే ఉన్నారు. పక్షులు గూళ్ళ నుంచి బయల్దేరే ఉదయం వేళ, తిరిగి చేరే సాయంత్రం వేళ గాలిపటాలు ఎగరేయకండి. నూలు దారమే వాడండి. తెగి చెట్లకి, తీగలకి వేలాడే దారాన్ని అందినంత వరకు తీసి చుట్టి పారేయండి. కరెంటు తీగల జోలికి మాత్రం పోవద్దు. ఇంట్లో పిల్లి దారం మింగి కొస నోట్లోంచి వేలాడుతుంటే లాగకండి. లోపల పేగులు కోసుకుపోతాయి. అలాగే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

పంజరంలో లవ్ బర్డ్స్ పెంచేవాళ్ళు వాటిని వంటింటికి, సాంబ్రాణి పొగకి దూరంగా ఉంచండి. నాన్‌స్టిక్ పెనం బాగా మాడితే వచ్చే ఆవిరి చిన్న పక్షుల ప్రాణం నిమిషాల్లో తీసేస్తుంది.

నాలుగో పాఠం: కనుమ, పశువుల పండుగ

కనుమ అంటేనే పశువుల పండుగ. ఏడాదంతా మనకోసం కష్టపడ్డ ఎద్దుకి, పాలిచ్చిన ఆవుకి కృతజ్ఞత చెప్పుకునే రోజు. స్నానం చేయించి, పసుపు కుంకుమలు పెట్టి, మెడలో గంటలు కట్టి, పొంగలి తినిపిస్తాం. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది.

ఆవు పొట్ట గడ్డి కోసం ఏర్పడింది. నెమరు వేసి, నెమ్మదిగా జీర్ణం చేసుకునే పొట్ట అది. అలవాటు లేని ఆవుకి ఒక్కసారిగా బుట్టెడు అన్నం, పొంగలి, బియ్యం, బెల్లం పెడితే అవి లోపల పులిసి ఆమ్లం తయారవుతుంది. ఆవు మేత మానేస్తుంది, నెమరు ఆగిపోతుంది. ఎడమ డొక్క ఉబ్బుతుంది, పలచగా పేడ వేస్తుంది, నడకలో తూలుతుంది. సమయానికి వైద్యం అందకపోతే చనిపోతుంది. మనం పూజించిన చేత్తోనే అది జరుగుతుంది. గోశాలల్లో ఇంకా కష్టం. వచ్చిన ప్రతి భక్తుడూ "నా వంతు" అని ఒక పళ్ళెం పెడతాడు. మా రాముడి కథే మళ్ళీ.

అందుకని పొంగలి నైవేద్యంగా ఒక్క పిడికెడు చాలు. మిగతా భక్తి అంతా పచ్చగడ్డి రూపంలో ఇవ్వండి. గోశాలకి వెళ్ళేటప్పుడు గడ్డిమోపు తీసుకెళ్ళండి, పెట్టే ముందు అక్కడి వాళ్ళని అడగండి. మిగిలిన వంటలు పాలిథిన్ కవరులో కట్టి వీధిలో వేయకండి. ఆవు అన్నం వాసనకి కవరుతో సహా మింగుతుంది. ఆ ప్లాస్టిక్ అరగక ఏళ్ళ తరబడి కడుపులో పేరుకుంటుంది. దండలు కూడా సాయంత్రానికి విప్పేయండి.

ఐదో పాఠం: చలి

కుక్కపిల్లలు, ముసలి కుక్కలు, అప్పుడే పుట్టిన దూడలు చలికి త్వరగా లొంగిపోతాయి. గచ్చు నేల మీద గోనెసంచి, దాని మీద పాత దుప్పటి వేయండి. దూడలకి ఎండు వరిగడ్డి పరవండి. భోగి తలంటు మనకే గానీ వాటికి అక్కర్లేదు. స్నానం చేయించాలంటే ఎండెక్కాక చేయించి పూర్తిగా తుడవండి. పొద్దున కారు, స్కూటరు తీసేముందు బానెట్ మీద రెండుసార్లు తట్టండి. ఇంజను వెచ్చదనానికి పిల్లులు లోపల దూరి పడుకుంటాయి.

ఏదైనా జరిగితే

తినకూడనిది తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఏం తిన్నది, ఎంత, ఏ సమయానికి అన్నది కాగితం మీద రాసుకుని వెంటనే డాక్టరుకి ఫోన్ చేయండి. డబ్బా, రేపరు ఉంటే తీసుకెళ్ళండి. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నం వద్దు, ఆ ఉప్పే ఇంకో విషం అవుతుంది. మన మాత్రలు వేయకండి. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. పశువులకైతే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ 1962 నంబరుకి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం సేవలు ఉన్నాయి. పండుగ రోజుల్లో మీ ఊళ్ళో ఏ పశువైద్యుడు అందుబాటులో ఉంటారో ముందే కనుక్కుని ఆ నంబరు ఫ్రిజ్ మీద అంటించండి. మేము కనుమ సాయంత్రం మూడు క్లినిక్‌ల తాళాలు చూసి నాలుగో చోటికి వెళ్ళాం.

చివరి మాట

కుక్కపిల్ల ఏడుపుతో మొదలైన ఆ భారతమే చివరికి మళ్ళీ ఒక కుక్క దగ్గరికి వస్తుంది. మహాప్రస్థానిక పర్వంలో ద్రౌపది, నలుగురు తమ్ముళ్ళు దారిలో ఒక్కొక్కరే పడిపోతారు. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది హస్తినాపురం నుంచి వెంటవచ్చిన కుక్క ఒక్కటే. ఇంద్రుడు రథం తెచ్చి, కుక్కని వదిలేసి ఎక్కమంటాడు. నన్ను నమ్ముకుని వచ్చినదాన్ని వదిలి నాకు స్వర్గం అక్కర్లేదంటాడు ధర్మరాజు. అప్పుడు ఆ కుక్క ధర్మదేవతగా నిజరూపంలో కనబడుతుంది.

మనకి అంత పెద్ద పరీక్ష రాదు. మన పరీక్ష చాలా చిన్నది. కిస్మిస్ పళ్ళెం పైకి పెట్టామా, బూడిద మీద నీళ్ళు చల్లామా, గేటు వేశామా అన్నదే. ఈ పండుగకి మీ సంకల్పంలో ఇది కూడా చేర్చుకోండి. మన ఇంటి పేరంటానికి వచ్చిన వాళ్ళు ఎలా క్షేమంగా ఇంటికి చేరాలని కోరుకుంటామో, మన గడప దగ్గర ఉన్న మూగప్రాణి కూడా కనుమ మర్నాడు అంతే క్షేమంగా లేచి తోక ఊపాలి.

ఈసారి సంక్రాంతికి మా రాముడు తన మెత్తటి అన్నం ముద్ద కోసం పూజగది గడప దగ్గర కూర్చుని ఉంటాడు. మీ ఇంట్లో ఉన్నవాళ్ళకి కూడా మా తరఫున ఒక ముద్ద పెట్టండి, ఉప్పు లేకుండా.

శుభం.